శారీరక దృఢత్వం – మన కొలత మనతోనే

'ఆరోగ్యమే మహాభాగ్యం' అని ప్రతి పాఠశాల గోడ మీదా కనబడుతుంది. కానీ ఆ భాగ్యం మన దగ్గర ఎంత ఉందో లెక్క చూసుకునే అలవాటు మనకు లేదు. లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో, ఇంగ్లీషులో ఎన్ని తగ్గాయో ఠక్కున చెప్పే విద్యార్థిని "ఆగకుండా ఎంత దూరం పరుగెత్తగలవు?" అని అడిగితే తెల్లముఖం వేస్తాడు. చదువుకు ఏడాదికి నాలుగైదు పరీక్షలు ఉన్నాయి. శరీరానికి ఒక్కటీ లేదు.

హాస్టల్ విద్యార్థులమైన మనకు ఇది చిన్న విషయం కాదు. మనలో చాలామంది కల పోలీసు ఉద్యోగమో, సైన్యమో. అందుకు పుస్తకాలతో ఏళ్ల తరబడి కుస్తీ పడతాం. గ్రౌండు పరీక్షకు మాత్రం రెండు నెలల ముందు లేచి పరుగు మొదలుపెడతాం. రాతపరీక్ష గట్టెక్కినవారు గ్రౌండులో ఆగిపోవడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. కావున శారీరక దృఢత్వం అంటే ఏమిటి, దానిని ఎలా కొలవాలి, కొలిచిన అంకెను ఏం చేసుకోవాలి అనే మూడు విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

దృఢత్వం అనగా ఏమి?

రోజువారీ పనులను అలసట లేకుండా చేసుకొని, ఆపైన ఆటకూ ఆపదకూ సరిపడా శక్తిని మిగుల్చుకోగలగడమే శారీరక దృఢత్వం. లావుగా ఉండటం దృఢత్వం కాదు, సన్నగా ఉండటమూ కాదు.

"మేము పొలం పనులు చేసిన పిల్లలం, మాకు వేరే వ్యాయామం ఎందుకు?" అని కొందరు అడుగుతారు. సెలవుల్లో మిర్చి కోతకో, పత్తి తీతకో వెళ్లిన పిల్లలకు ఓర్పు వస్తుంది, నిజమే. కానీ రోజంతా నడుము వంచి పనిచేస్తే వేగం పెరగదు, దూకే శక్తి రాదు. వంగి వంగి నడుము పట్టేయడం కూడా జరుగుతుంది. అంటే దృఢత్వం ఒకే గుణం కాదు, కొన్ని గుణాల కలయిక. వాటిని రెండు తరగతులుగా విభజించారు.

ఆరోగ్యానికి సంబంధించినవి ఐదు:
1. గుండె, ఊపిరితిత్తుల ఓర్పు – మనం 'దమ్ము' అనేది ఇదే.
2. కండరాల బలం – ఒక్కసారిగా ఎంత బరువు ఎత్తగలమన్నది.
3. కండరాల ఓర్పు – అదే పనిని ఎన్నిసార్లు చేయగలమన్నది.
4. వశ్యత – కీళ్లు ఎంతవరకు సులువుగా వంగుతాయన్నది.
5. శరీర కూర్పు – శరీరంలో కొవ్వు, కండ, ఎముకల పాళ్లు.

ఆటల నైపుణ్యానికి సంబంధించినవి ఆరు: వేగం, చురుకుదనం, సమతుల్యత, సమన్వయం, విస్ఫోటక శక్తి, ప్రతిచర్యా వేగం. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఆపకుండా కూత పెట్టడానికి దమ్ము కావాలి. చెయ్యి తగిలించి వెనుదిరగడానికి చురుకుదనం కావాలి. పట్టు విడిపించుకోవడానికి బలం కావాలి. ఖోఖోలో 'ఖో' వినగానే లేవడం ప్రతిచర్యా వేగం. ఒకే ఆటలో ఇన్ని గుణాలు దాగి ఉన్నాయి.

పరీక్షల చరిత్ర నేర్పే పాఠం

1950వ దశకంలో హాన్స్ క్రాస్ అనే వైద్యుడు, రూత్ హిర్ష్‌లాండ్ అనే వ్యాయామ శిక్షకురాలు కలిసి అమెరికా, ఐరోపా పిల్లలకు ఆరు చిన్న పరీక్షలు పెట్టారు. పడుకొని లేవడం, కాళ్లు ఎత్తిపట్టడం, మోకాళ్లు వంచకుండా నేలను తాకడం వంటివి. అమెరికా పిల్లల్లో సగానికి పైగా కనీసం ఒక పరీక్షలో తప్పారు. ఐరోపా పిల్లల్లో తప్పినవారు పదిశాతం లోపే. ఈ ఫలితం చూసి 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ యువత దృఢత్వం కోసం ఒక మండలిని ఏర్పాటు చేశాడు. 1958 నాటికి అక్కడ బడిపిల్లలకు దేశవ్యాప్త పరీక్ష వచ్చింది.

1966లో దానికి అధ్యక్షుని అవార్డును చేర్చారు. ప్రతి అంశంలోనూ నూటికి 85 మంది కంటే పైన నిలిచినవారికే అవార్డు. ఫలితంగా ముందే బాగా పరుగెత్తేవారికి బ్యాడ్జీ, మిగిలినవారికి సిగ్గు దక్కాయన్న విమర్శ వచ్చింది. అందుకే 2012-13లో ఆ పద్ధతిని మార్చి, తోటివారితో పోల్చకుండా ఆరోగ్యానికి ఎంత అవసరమో దానితో పోల్చే పద్ధతిని తెచ్చారు. 2025 జూలైలో పాత పరీక్షను తిరిగి తెస్తూ అక్కడ ఉత్తర్వు వెలువడింది. అంటే 'పోటీ కోసం కొలవాలా, బాగు కోసం కొలవాలా' అనే వాదన ఇంకా తెగలేదు.

మన దేశంలో 1959-60లోనే జాతీయ శారీరక సామర్థ్య కార్యక్రమం మొదలైంది. 2019లో ఖేలో ఇండియా పేరుతో బడిపిల్లల దృఢత్వ పరీక్షలు వచ్చాయి. 1 నుండి 3 తరగతుల పిల్లలకు శరీర ద్రవ్యరాశి సూచీతో పాటు ఒంటికాలి సమతుల్యత, పళ్లేలను చేత్తో మార్చి మార్చి తట్టడం అనే పరీక్షలు ఉన్నాయి. 4వ తరగతి నుండి పైవారికి ఉన్న పరీక్షలను మన హాస్టల్లో కూడా చేసుకోవచ్చు.

హాస్టల్లో పరీక్షలు ఎలా చేసుకోవాలి?

కావలసినవి ఒక టేపు, ఒక తాడు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, గీతలకు కాస్త సున్నం. పిడుగురాళ్ల పక్కన ఉండి సున్నానికి కరువా!

1. 600 మీటర్ల పరుగు: దమ్ముకు కొలత. పరుగెత్తలేకపోతే నడవవచ్చు, ఆగకూడదు. 200 మీటర్ల ట్రాక్ ఉంటే 3 చుట్లు. స్థలం తక్కువైతే 60 మీటర్ల చుట్టు గీసుకొని 10 చుట్లు తిరగవచ్చు. మలుపులు ఎక్కువైతే సమయం పెరుగుతుంది కాబట్టి ఆ అంకెను వేరే బడి అంకెతో పోల్చకూడదు.
2. 50 మీటర్ల పరుగు: వేగానికి కొలత. నిలబడి మొదలుపెట్టాలి.
3. దండీలు: భుజాలు, చేతుల ఓర్పుకు కొలత. ఆడపిల్లలు మోకాళ్లు నేలకు ఆన్చి తీస్తారు. నడుము కుంగితే ఆ దండీ లెక్కలోకి రాదు.
4. పడుకొని భుజాలు లేపడం: పొట్ట కండరాల ఓర్పుకు కొలత. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకొని, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేపారో లెక్కించాలి. తల వెనుక చేతులు పెట్టి మెడను లాగకూడదు.
5. కూర్చొని ముందుకు వంగడం: వశ్యతకు కొలత. అసలు పరీక్షకు ప్రత్యేకమైన పెట్టె ఉంటుంది. అది లేకపోతే పాదాలు గోడకు ఆన్చి, మోకాళ్లు వంచకుండా వంగి, వేళ్లు గోడకు ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఆగాయో రాసుకోవచ్చు.
6. ఎత్తు, బరువు: వీటి నుండి శరీర ద్రవ్యరాశి సూచీ వస్తుంది. కిలోల బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఉదాహరణకు 40 కిలోల బరువు, 1.50 మీటర్ల ఎత్తు ఉంటే సూచీ 17.8.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పెద్దవారికి 18.5 కంటే తక్కువైతే బరువు తక్కువ అంటారు. ఆ లెక్కను పిల్లలకు వాడకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుండి 19 ఏళ్ల వారికి వయసు వారీగా వేరే పట్టికలు 2007లో ఇచ్చింది. వాటి ప్రకారం 13 ఏళ్ల పిల్లవాడికి 17.8 మామూలు అంకే.

పరీక్ష ఎప్పుడు చేసినా అదే స్థలం, అదే వేళ, అదే పద్ధతి ఉండాలి. ఒకసారి చెప్పులు లేకుండా, మరోసారి బూట్లతో పరుగెత్తితే పోలిక చెడుతుంది. అన్నం తిన్న వెంటనే పెట్టకూడదు. రెంటచింతల ఎండలు ఎలాంటివో మనకు చెప్పనక్కరలేదు కనుక ఉదయం 7 గంటలలోపే ముగించాలి. జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉన్నవారిని పరుగెత్తించరాదు, ముందు వైద్యునికి చూపించాలి.

అంకెను ఎలా చదవాలి?

మన నరసరావుపేట ప్రాంతంలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూడనివారు ఉండరు. అక్కడ రెండు పళ్ల గిత్తలను సీనియర్ ఎడ్లతో కలిపి కట్టరు. వయసును బట్టి విభాగం, విభాగాన్ని బట్టి బండ. పశువుల విషయంలో పాటించే ఈ న్యాయాన్ని పిల్లల విషయంలో మరచిపోతాం. 8వ తరగతిలో ఒకడు అప్పుడే మీసం మొలిచి ఏపుగా ఎదిగి ఉంటాడు. పక్కవాడు ఇంకా ఎదుగుదల మొదలుకాక చిన్నగా ఉంటాడు. ఇద్దరి పుట్టిన సంవత్సరం ఒకటే, శరీరాల వయసు ఒకటి కాదు. వీరిని పక్కపక్కన నిలబెట్టి ఒకడిని గొప్పవాడనీ, ఇంకొకడిని పనికిరానివాడనీ అనడం పరీక్ష కాదు.

కావున పోలిక నిన్నటి మనతో ఉండాలి. జూన్‌లో 600 మీటర్లకు 3 నిమిషాల 20 సెకన్లు పట్టిన చెల్లి సెప్టెంబరులో 3 నిమిషాలకు వచ్చిందనుకుందాం. తరగతిలో చివర వచ్చినా ఆమె గెలిచినట్టే. 2 నిమిషాల 10 సెకన్లలో వచ్చిన తమ్ముడు మళ్లీ అదే అంకె దగ్గర ఉంటే అతడే ఆలోచించుకోవాలి. ఫలితాలను గోడకు అంటించవద్దు. ఎవరి నోటుబుక్కులో వారు రాసుకుంటే చాలు. బరువు విషయంలో ఇది మరీ ముఖ్యం. అందరి ముందూ బరువు చదివితే ఎగతాళి తప్ప లాభం లేదు.

ఆడపిల్లల విషయం

పరుగులో త్వరగా ఆయాసపడే చెల్లిని బద్ధకస్తురాలని అనుకోకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు ప్రాణవాయువు అందదు. అప్పుడు ఎంత పట్టుదల ఉన్నా దమ్ము రాదు. అంటే 600 మీటర్ల పరుగు ఒక్కోసారి రక్తపరీక్షకు దారి చూపుతుంది. వారానికి ఒకసారి ఇచ్చే ఐరన్ మాత్రను పారవేయకుండా వేసుకోవాలి. ఆకుకూర, పప్పు, గుడ్డు వదలకూడదు. భోజనంలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, భోజనం కాగానే టీ తాగితే తగ్గుతుంది.

గ్రౌండు పరీక్షలోని లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో వెలువడిన కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుషులకు ప్రమాణాలు 1600 మీటర్ల పరుగుకు 8 నిమిషాలు, 100 మీటర్ల పరుగుకు 15 సెకన్లు, దూకడానికి 3.80 మీటర్లు. మహిళలకు ఇవి 10 నిమిషాల 30 సెకన్లు, 18 సెకన్లు, 2.75 మీటర్లు. మొదటిది దమ్ము, రెండవది వేగం, మూడవది విస్ఫోటక శక్తి. 1600 మీటర్లకు 8 నిమిషాలంటే 200 మీటర్ల చుట్టును నిమిషానికి ఒకటి చొప్పున 8 సార్లు తిరగడం. ఇలా విడగొట్టి చూస్తే భయం తగ్గుతుంది. నేడు నిమిషానికి ఒక చుట్టు చొప్పున 3 చుట్లు తిరగగలిగితే, నెలకు ఒక చుట్టు పెంచుకుంటూ 5 నెలల్లో 8 చుట్లకు చేరవచ్చు. ఈ పనిని 9వ తరగతిలో మొదలుపెట్టినవారికి, నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెట్టినవారికి తేడా ఎంతో ఆలోచించండి.

ఏ లోపానికి ఏ సాధన?

దమ్ము తక్కువైతే మాట్లాడుతూ పరుగెత్తగలిగే నెమ్మది వేగంతో 20 నిమిషాల పరుగు. వేగం తక్కువైతే 30 మీటర్ల చిన్న పరుగులు, మధ్యలో పూర్తి విశ్రాంతి. చేతుల బలం తక్కువైతే ముందు గోడకు దండీలు, తరువాత బల్లకు, చివరకు నేల మీద. కాళ్లకు బస్కీలు, తాడాట. వశ్యతకు ఒళ్లు వేడెక్కిన తరువాత నెమ్మదిగా వంగి కాసేపు ఆగడం, కుదుపులు ఇవ్వకూడదు. బలానికి చేసే సాధనకు రోజు విడిచి రోజు విశ్రాంతి ఇవ్వాలి. 5 నుండి 17 ఏళ్లవారు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, వారంలో 3 రోజులైనా కండలకూ ఎముకలకూ బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. సాయంత్రం ఆట గంటను స్టడీ అవరుకు బలి చేయకపోతే ఇది కష్టం కాదు.

సంక్షేమ విద్యార్థులకు ఇది సాధ్యమా అనే సందేహం ఎవరికీ అక్కరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. వారు ఒక్కసారిగా ఆ శిఖరం మీదకు వెళ్లలేదు. మొదట భువనగిరి కొండ, తరువాత డార్జిలింగ్, ఆ తరువాత లడఖ్ చలి. ప్రతి మెట్టు దగ్గర వారిని పరీక్షించి, సిద్ధమయ్యాకే పై మెట్టుకు పంపారు. పరీక్ష అనేది మనిషిని ఆపడానికి కాదు, పై మెట్టుకు ఎప్పుడు పంపాలో తెలుసుకోవడానికి.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ప్రతి ఒక్కరూ ఒక నోటుబుక్కులో ఆరు గడులు గీయండి. బడి తెరిచాక జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి నింపండి. ఏ గడిలో అంకె కదలలేదో దానికి తగిన సాధన చేయండి. వార్డెన్ గారు, వ్యాయామ ఉపాధ్యాయులు నెలకు ఒక ఉదయం ఇందుకు కేటాయించాలని మా మనవి. పదవ తరగతి మార్కుల జాబితాతో పాటు ఈ నోటుబుక్కును కూడా చేతపట్టుకొని హాస్టల్ గేటు దాటిన విద్యార్థి, ఏ గ్రౌండులో నిలబడినా తన అంకె తనకు తెలిసి నిలబడతాడు.