ప్రముఖుల జోస్యం – స్వతంత్ర వివేచన

ఎదుటివారి కీర్తిని వారి మాటకు రుజువుగా స్వీకరించకుండా, మాటను మాటగానే తూచి చూడగలగడం పరిణతి చెందిన వ్యక్తిత్వానికి ముఖ్య లక్షణం. ఏ ప్రభుత్వమూ పూచీపడని డిజిటల్ నాణేల క్రయవిక్రయాలు సాగే క్రిప్టోకరెన్సీ విపణి ఈ లక్షణానికి నేడు కఠినమైన పరీక్ష పెడుతున్నది. కంపెనీ షేరు వెనుక లాభాలు, ఆస్తులు ఉన్నట్లు, ఈ నాణేల్లో ఒకటైన బిట్‌కాయిన్ వెనుక ఆదాయమేదీ ఉండదు కనుక, దాని ధర ప్రధానంగా కొనేవారి ఆశపైనే నిలుస్తుంది. ఆ ఆశను పెంచగలిగిన ప్రముఖుని జోస్యానికి అక్కడ అంత బలం చేకూరడానికి కారణం ఇదే.

అమెరికా పెట్టుబడిదారు టిమ్ డ్రేపర్ ఉదంతం ఈ సందర్భంలో పరిశీలించదగినది. బిట్‌కాయిన్ మూడేళ్లలో 10,000 డాలర్లకు చేరుతుందని ఆయన 2014లో చెప్పగా, 2017 నవంబరులో ఆ ధర నిజంగానే వచ్చింది. ఆ ఖ్యాతి వెంట ఉండగా 2018లో ఆయన, 2022 నాటికి ధర 2,50,000 డాలర్లు అవుతుందని ప్రకటించారు. 2022 చివరికి అది దాదాపు 16,500 డాలర్ల వద్ద ఉన్నది. చెప్పిన మనిషీ, చెప్పడంలోని ధీమా మారకపోయినా ఫలితం తారుమారైందంటే, ధీమా సత్యానికి కొలమానం కాదని తేలుతున్నది. 2024 డిసెంబరులో ధర లక్ష డాలర్లు దాటిన మాట వాస్తవమే అయినా, గడువును నమ్మి అప్పు చేసి కొన్నవారికి ఆలస్యంగా వచ్చిన ఆ పెరుగుదల అక్కరకు రాదు.

ఒక రంగంలో ఘనత సాధించినవారికి అన్ని విషయాల్లోనూ ప్రజ్ఞ ఉంటుందని భావించే పొరపాటును మనస్తత్వ శాస్త్రం హాలో ఎఫెక్ట్ అంటుంది; మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే దీనిని వివరించారు. అనిశ్చితిని భరించలేని మనసు, "కావచ్చు" అన్న జాగ్రత్తపరుని విడిచి, "ఖాయం" అన్న ప్రసిద్ధుని వైపు మొగ్గడం ఈ పొరపాటును మరింత పెంచుతుంది.

దీనికి తోడు, చెప్పేవారి ప్రయోజనాన్ని కూడా గమనించాలి. డ్రేపర్ 2014లోనే ప్రభుత్వ వేలంలో దాదాపు 30,000 బిట్‌కాయిన్లు కొన్నవారు. ఆయన నమ్మకం నిజాయితీతో కూడినదే కావచ్చు గానీ, తన వద్ద ఉన్నదాని ధర పెరగాలని కోరుకోవడం మానవ సహజం. కొన్నిసార్లు ఆ ప్రయోజనం వినేవారికి తెలియకపోవచ్చు కూడా: ఒక క్రిప్టో ప్రచారానికి తీసుకున్న పారితోషికాన్ని వెల్లడించలేదన్న అభియోగంపై, 2022లో టీవీ తార కిమ్ కర్దాషియాన్ అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థకు 12.6 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించారు.

కాబట్టి ఏ జోస్యం విన్నా, దానికి స్పష్టమైన గడువు ఉన్నదా, చెప్పినవారి పాత జోస్యాల్లో తప్పినవెన్ని, అది తప్పితే నష్టపడేది ఎవరు అని ప్రశ్నించుకుని, సమాధానాలను కాగితంపై రాసుకోవడం మంచి అభ్యాసం. భారతదేశంలో 2022 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉన్నది, నష్టాన్ని మరొక ఆదాయంలో సర్దుకునే వీలు లేదు. అంటే పరుల జోస్యం తప్పినప్పుడు ఆ భారమంతా విన్నవారి కుటుంబం మీదనే పడుతుంది. ఫలితాన్ని అనుభవించేవారే నిర్ణయానికీ బాధ్యులు కావాలి. ప్రముఖులను గౌరవిస్తూనే వారి అంచనాను సందేహించగలిగినవారు తమ కష్టార్జితాన్నే కాక, తమ ఆలోచనా స్వాతంత్ర్యాన్ని కూడా కాపాడుకుంటారు.