ఇంటర్‌నెట్‌ను వాడేవాళ్లు, నడిపేవాళ్లు

కుళాయిలో నీళ్లు రాకపోతే ఎవరిని అడగాలో మన వీధిలో ప్రతి ఇంట్లోనూ తెలుసు. మోటారు ఎక్కడుందో, వాల్వు తిప్పే మనిషి ఎవరో, ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారో కూడా చెప్పగలరు. ఫోన్‌లో ఇంటర్‌నెట్ రాకపోతే మాత్రం "నెట్ పోయింది" అనేసి ఊరుకుంటాం. ఎక్కడికి పోయింది, ఎవరు తిరిగి తెస్తారు అన్నది మనకు పట్టదు. కంప్యూటర్ సైన్స్ చదివిన మన పిల్లలను అడిగి చూడండి. సూటిగా జవాబు చెప్పేవారు తక్కువ. ప్రోగ్రాం రాయడం వచ్చు, యాప్ తయారు చేయడం వచ్చు. ఆ యాప్ పంపిన మాట అవతలి మనిషికి చేరడానికి మధ్యలో రాత్రింబవళ్లు పనిచేసే యంత్రాంగం ఒకటుందని, దాన్ని చూసుకునే ఉద్యోగం వేరే ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఈ పనిని కొన్ని పేద దేశాలు ఎలా నేర్చుకున్నాయో చెప్పడానికే ఈ వ్యాసం. మన సొసైటీ చదువుల కోసం ఏటా చేస్తున్న ఖర్చుకు దీనితో సంబంధం ఉంది. ఆ మాట చివర్లో చెబుతాను.

ముందుగా పని ఏమిటో చూద్దాం. ఇంటర్‌నెట్‌లో ప్రతి యంత్రానికీ అంకెలతో ఒక చిరునామా ఉంటుంది. మనం అంకెలు గుర్తుపెట్టుకోలేం కాబట్టి పేర్లు వాడతాం. పేరు చెబితే అంకె చెప్పే వ్యవస్థను డీఎన్‌ఎస్ అంటారు. పెద్ద టెలిఫోన్ డైరెక్టరీ అనుకోండి. కాకపోతే అది ఒకచోట ఉండదు, ముక్కలు ముక్కలుగా లోకమంతా పరచుకుని ఉంటుంది, ఏ ముక్కను ఎవరు చూసుకోవాలో వాళ్లే చూసుకుంటారు. రెండోది దారి చూపడం. ఒక నెట్‌వర్క్ తన పక్క నెట్‌వర్క్‌తో "ఫలానా చిరునామాలు నా దగ్గర ఉన్నాయి, వాటికి వచ్చే ఉత్తరాలు నాకివ్వు" అని చెప్పుకుంటుంది. పక్కది ఆ మాటను ఇంకో పక్కకు చేరవేస్తుంది. ఈ పద్ధతి పేరు బీజీపీ. ఇక ఈమెయిల్, వెబ్ సర్వర్లు, వీటన్నిటిపై నిఘా, పాడైనప్పుడు మరమ్మతు. ఇవన్నీ కలిపి ఇంటర్‌నెట్ సేవల నిర్వహణ.

వినడానికి తేలికే. చేసేటప్పుడు ఒక్క చుక్క తప్పినా ఏమవుతుందో స్వీడన్‌లో తెలిసింది. డీఎన్‌ఎస్ దస్త్రంలో పూర్తి పేరు రాస్తే చివర ఒక చుక్క పెట్టాలి. పెట్టకపోతే యంత్రం ఆ పేరు అసంపూర్తిగా ఉందనుకుని దానికి దేశం పేరు మళ్లీ తగిలిస్తుంది. 2009 అక్టోబరు 12న స్వీడన్ దేశపు పేర్ల పట్టికను తయారు చేసే ప్రోగ్రాంలో ఆ చుక్క జారిపోయింది. అప్పటికి ఆ దేశం కింద సుమారు 9 లక్షల పేర్లున్నాయి. వెబ్‌సైట్లు, ఈమెయిళ్లు అన్నీ ఒక్కసారిగా కనబడకుండా పోయాయి. గంటలోపే సరిచేశారు గానీ పాత తప్పు జవాబులు అక్కడక్కడ నిలవ ఉండిపోవడం వల్ల ఇబ్బంది ఇంకొంతసేపు సాగింది. చుక్కలు, కామాలు పెట్టమని పిల్లల నోటుపుస్తకాల మీద ఎర్ర సిరా ఒలకబోసే మాలాంటి వాళ్లకు ఈ కథ చాలా నచ్చుతుంది.

రెండో ఉదాహరణ 2008 ఫిబ్రవరి 24ది. పాకిస్తాన్ ప్రభుత్వం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపమంది. పాకిస్తాన్ టెలికాం ఇంజనీర్లు యూట్యూబ్ చిరునామాలు తమ దగ్గరే ఉన్నట్టు ఒక తప్పుడు దారి పెట్టారు. అది దేశం లోపలే ఉండాల్సింది, బయటికి పొక్కింది. యూట్యూబ్ 1024 చిరునామాలను ఒక కట్టగా ప్రకటిస్తే, వీళ్లు అందులోంచి 256 చిరునామాల చిన్న కట్టను ప్రకటించారు. దారి చూపే యంత్రాలకు ఒక నియమం ఉంది: రెండు దారులు కనబడితే ఏది ఎక్కువ కచ్చితంగా ఉందో దాన్నే నమ్మాలి. జిల్లా పేరు మాత్రమే ఉన్న చిరునామా కన్నా వీధి పేరు ఉన్న చిరునామాను పోస్ట్‌మాన్ నమ్మినట్టు. దాంతో లోకంలో చాలాచోట్ల నుంచి యూట్యూబ్ చూడబోయినవాళ్ల అభ్యర్థనలు పాకిస్తాన్ వైపు వెళ్లి అక్కడే ఆగిపోయాయి. సుమారు రెండు గంటలు ఇలా జరిగింది. అందరూ పాకిస్తాన్ ఇంజనీర్లను తప్పుపట్టారు. సబబే. కానీ ఆ ప్రకటనను వడకట్టకుండా లోకానికి అందించింది హాంకాంగ్‌లోని పెద్ద కంపెనీ పీసీసీడబ్ల్యూ. ఈ విద్య ధనిక దేశాలకు పుట్టుకతో వచ్చినదేమీ కాదని నాకు ఈ రెండు ఉదాహరణల్లో కనబడే సంగతి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1990ల మొదట్లో ఆఫ్రికా, ఆసియా దేశాల్లో చాలావాటికి ఇంటర్‌నెట్ లేదు. పెట్టుకుందామన్నా పెట్టగలవాళ్లు లేరు. పరికరాలు దానంగా ఇచ్చేవాళ్లున్నారు. పెట్టెలు వచ్చేవి, ఎవరో విదేశీ నిపుణుడు వచ్చి బిగించి విమానం ఎక్కేవాడు. మూడు నెలలకు ఏదో ఆగిపోతే మళ్లీ ఆయన్నే పిలవాలి, డాలర్లలో చెల్లించాలి. ఈ తిప్పలు చూసిన కొందరు పరికరాల కన్నా మనుషుల మీద ఖర్చు పెట్టాలని నిర్ణయించుకున్నారు. 1993లో ఇంటర్‌నెట్ సొసైటీ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వర్ధమాన దేశాల వారికోసం ఒక శిక్షణ శిబిరం పెట్టింది. తరువాత ఏడాది ప్రాగ్‌లో, ఆపైన హొనొలులు, మాంట్రియల్, కౌలాలంపూర్‌లలో అలాంటివే జరిగాయి. వీటిని ముందుండి నడిపినవారిలో జార్జ్ సాడోస్కీ ముఖ్యుడు. ఇంకోపక్క ర్యాండీ బుష్ అనే ఇంజనీరు 1980ల చివరలోనే దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు దేశాలకు స్వచ్ఛందంగా సాయం మొదలుపెట్టాడు. అదే ఒరెగన్ విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ స్టార్టప్ రిసోర్స్ సెంటర్‌గా స్థిరపడి ఇప్పటికీ పనిచేస్తోంది.

అయితే ఈ పనికి వేరు పట్టింది మాత్రం ఆఫ్రికా వాళ్లు దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నాకే. ఘనాకు చెందిన ప్రొఫెసర్ నీ క్వేనార్ అమెరికాలో చదివి, అక్కడే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసిన మనిషి. సొంత దేశంలో కేప్ కోస్ట్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ విభాగం నెలకొల్పడంలో పాలుపంచుకున్నాడు. ఘనాకు ఇంటర్‌నెట్ తెచ్చిన సంస్థ ఆయనదే. ఆయనా, మరికొందరూ కలిసి 2000లో కేప్‌టౌన్‌లో ఆఫ్రికా నెట్‌వర్క్ ఆపరేటర్ల బృందాన్ని ఏర్పాటు చేశారు. దాన్ని ముద్దుగా ఆఫ్‌నాగ్ అంటారు. ఏటా ఒక దేశంలో శిబిరం: 2001లో అక్రా, 2004లో డాకర్, 2008లో రబాత్, 2009లో కైరో. ఇంగ్లిష్‌తోపాటు ఫ్రెంచ్‌లోనూ పాఠాలు చెబుతారు. సెనెగల్, మాలీ కుర్రవాళ్లకు అడ్డం వచ్చేది లెక్క కాదు, భాష అని వాళ్లు మొదట్లోనే గ్రహించారు.

బీఎడ్‌లో మాకు జాన్ డ్యూయీ పేరు చెప్పి 'చేస్తూ నేర్చుకోవడం' అనే పాఠం చెప్పారు. పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి, బడికి వెళ్లి మళ్లీ నల్లబల్ల మీద రాసి చెప్పడమే మొదలుపెట్టాం. ఈ శిబిరాల్లో ఆ మాటను నిజంగా ఆచరించారు. గదిలో తీగలు, రౌటర్లు, స్విచ్‌లు పరచి ఒక చిన్న ఇంటర్‌నెట్‌నే కడతారు. కొందరికి కలిపి ఒక నెట్‌వర్క్ అప్పగిస్తారు. పక్క బల్లవాళ్లు పక్క కంపెనీ. వాళ్లతో దారులు కలుపుకోవాలి, మెయిల్ పంపుకోవాలి. వీళ్లు తప్పు ప్రకటన చేస్తే పక్కవాళ్లకు నెట్ పోతుంది. పాకిస్తాన్ కథను పుస్తకంలో చదవడానికీ, పక్క బల్ల కుర్రవాడు లేచి "ఏం చేశావయ్యా" అని అడగడానికీ ఎంత తేడా ఉందో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. వాడే సాఫ్ట్‌వేర్ దాదాపు అంతా ఉచితంగా దొరికేదే: లైనక్స్, ఫ్రీబీఎస్‌డీ, నిఘాకు నాగియోస్ వంటివి. ఇంటికి వెళ్లాక లైసెన్సు కొనలేక ఆగిపోయే పని ఉండదు.

ఇంకో విశేషం, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది: పాఠం చెప్పేవాళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. ఒక ఏడు విద్యార్థిగా వచ్చినవాడు కొన్నాళ్లకు సహాయకుడిగా, ఆ తరువాత బోధకుడిగా వస్తాడు. పాఠాల కాగితాలు ఎవరైనా తీసుకోవచ్చు. చనిపోయాక కూడా పుణ్యం ఆగకుండా చేరే దానాన్ని మనం సదఖయె జారియా అంటాం. బావి తవ్వించడం, మస్జిద్ కట్టించడం వెంటనే గుర్తొస్తాయి. ఇతరులకు పనికొచ్చే ఇల్మ్ కూడా అలాంటిదేనని మన జుమా ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. ఆ శిబిరాలు నడిపినవాళ్లు ఏ మతం వారైనా, చేసింది మాత్రం అదే.

ఫలితం ఏమిటి? కెన్యా సంగతి చూడండి. నైరోబీలో ఒక కంపెనీ ఖాతాదారుడు అదే ఊళ్లో ఇంకో కంపెనీ ఖాతాదారుడికి మెయిల్ పంపితే, అది ఉపగ్రహం ద్వారా ఖండాలు దాటి వెళ్లి మళ్లీ నైరోబీకి వచ్చేది. ఎదురింటికి కూర గిన్నె అమెరికా మీదుగా పంపినట్టు! రానూపోనూ రుసుము డాలర్లలో. అక్కడి కంపెనీలన్నీ ఒకచోట తీగలు కలుపుకోవడానికి 2000 నవంబరులో ఒక కూడలి పెట్టుకున్నాయి. విదేశీ రాకపోకలపై గుత్తాధిపత్యం తమదంటూ టెలికాం సంస్థ ఫిర్యాదు చేయగా, నియంత్రణ సంస్థ దాన్ని మూయించింది. అక్కడి ఇంజనీర్లు వదల్లేదు. అది విదేశీ రాకపోకలకు సంబంధించింది కాదని, ఊళ్లోని తీగలను ఊళ్లోనే కలుపుకోవడమని అధికారులకు అర్థమయ్యేలా వివరించి, 2002 ఫిబ్రవరిలో తిరిగి తెరిపించుకున్నారు. స్థానికంగా ఒక సందేశం వెళ్లి రావడానికి 200 నుంచి 600 మిల్లీసెకన్లు పట్టేది కాస్తా 2 నుంచి 10 మిల్లీసెకన్లకు దిగింది. పని తెలిసిన మనుషులు దేశంలో ఉండబట్టే వాదించగలిగారు. లేకపోతే మూసిన తలుపు మూసినట్టే ఉండేది.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. మొదటి శిబిరాల్లో స్త్రీలు బాగా తక్కువ. 2004లో ఆఫ్‌చిక్స్ అనే బృందాన్ని స్త్రీలే మొదలుపెట్టి, ఈ రంగంలోకి వచ్చే అమ్మాయిలకు శిక్షణ, పెద్దక్కల అండ రెండూ కల్పించారు. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన కెన్యా ఇంజనీరు డోర్కస్ ముథోనికి 2014లో ఇంటర్‌నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

మన ప్రాంతంలోనూ ఇలాంటి ప్రయత్నం ఉంది. దక్షిణాసియా ఆపరేటర్ల బృందం 2003లో ఖాట్మండూలో మొదటి సమావేశం జరుపుకుంది. అదే ఏడాది మన దేశంలో నిక్సీ ఏర్పడింది. హైదరాబాద్‌లోనూ దాని కూడలి ఉంది. తెలుగు లిపిలో '.భారత్' అనే చిరునామా చూసుకునేది కూడా ఆ సంస్థే. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి అంకెల చిరునామాలు పంచే ఏపీనిక్ తన పాఠాలను ఇంటర్‌నెట్‌లో ఉచితంగా ఇస్తోంది, సాధన చేయడానికి ప్రయోగశాల కూడా అక్కడే ఉంది. లేనిది తెలుగులో, ఉర్దూలో చెప్పే మనిషి. అమీర్‌పేటలో దొరకని కోర్సు ఉండదంటారు. నిజమే, కానీ అక్కడ ఫీజు కట్టగలిగినవాళ్లకే. అదీ సర్టిఫికెట్ పరీక్షకు తగ్గట్టు.

మన సభల్లో అల్-ఖ్వారిజ్మీ పేరు చెప్పుకోవడం రివాజు. అల్గారిథమ్ అన్న మాట ఆయన పేరు నుంచే వచ్చింది. గర్వపడదగ్గదే. కానీ ఆ గర్వం వల్ల మన పేటలో ఒక్క కుర్రవాడికీ ఉద్యోగం రాలేదు. మన కుర్రవాళ్లు ఎంతమంది కేబుల్ ఆపరేటర్ల దగ్గర పనిచేస్తున్నారో చూడండి. ఎండలో స్తంభాలెక్కి ఫైబర్ లాగుతారు, తెగితే అతుకుతారు. ఆ తీగ ఆపరేటర్ గదిలో ఏ రౌటర్‌లోకి వెళ్తుందో వాళ్లకు తెలుసు. రౌటర్ లోపల ఏం జరుగుతుందో చెప్పినవాళ్లు లేరు. పదో తరగతి తప్పారని, ఇంగ్లిష్ రాదని పక్కన పెట్టాం. పాలిటెక్నిక్ డిప్లొమా ఉండి మొబైల్ షాపులో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఆపరేటర్ గదిలో కూర్చునే ఉద్యోగానికి, స్తంభమెక్కే ఉద్యోగానికి జీతంలో తేడా ఉంది, నలభై ఏళ్లు దాటాక నడుములో ఇంకా తేడా ఉంది.

కాబట్టి కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఒక గది చాలు. ఎనిమిది పాత కంప్యూటర్లు, వాడి పక్కన పెట్టిన నాలుగు రౌటర్లు, రెండు స్విచ్‌లు. కొంచెం బలమైన కంప్యూటర్ ఒక్కటి ఉంటే దాని లోపలే ఇరవై సర్వర్లను ఊహాత్మకంగా సృష్టించి పిల్లలకు పంచవచ్చు. జకాత్ సొమ్ము అర్హుడైన విద్యార్థి చేతికే అందాలి గనుక దాన్ని నెలవారీ భృతిగా ఇద్దాం, పరికరాలకు సాధారణ విరాళాల నిధి వాడదాం. ఈ విషయంలో ఉలమా పెద్దలను అడిగే ముందుకు వెళ్దాం. మన సొసైటీ సాయంతో చదివి హైదరాబాద్, బెంగళూరు, రియాద్, దుబాయ్‌లలో నెట్‌వర్క్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఒక్కొక్కరు నాలుగు రోజులు ఇస్తే బోధకుల కొరత తీరుతుంది. పాఠాలు తెలుగులోకి తేవడంలో నా వంతు నేను చేస్తాను. తీగలు లాగే కుర్రవాళ్లకు పగలు తీరదు కాబట్టి వారి తరగతి ఇషా తరువాత. ఆడపిల్లలకు ఆదివారం ఉదయం. మొదటి జట్టు పన్నెండు మందికి మించకూడదు, మించితే చేతికి యంత్రం అందదు. నెల తిరిగేసరికి బోధకుడు వాళ్లకు తెలియకుండా ఒక తీగ పీకాలి, ఒక దస్త్రంలో చుక్క చెరిపేయాలి. ఎక్కడ తప్పిందో వాళ్లే వెతికి పట్టుకోవాలి.