ఫిలేమోను పత్రికను ధ్యానించు విధము

వాక్యమును లోతుగా ధ్యానింపగోరువారు మొదట చిన్న పత్రికను చేపట్టుట మేలు. 25 వచనములుగల ఫిలేమోను పత్రిక అందుకు తగినది.

1. చదువుట: పత్రికనంతటిని ఆపక ముమ్మారు చదువవలెను. వ్రాసినదెవరు? ఎవరికి? ఎందుకు? ఖైదీయైన పౌలు, దాసుడైన ఒనేసిమును సహోదరునిగా చేర్చుకొనుమని ఫిలేమోనును వేడుకొనుచున్నాడు.

2. గుర్తించుట: మరల మరల వచ్చు మాటల క్రింద గీత గీయవలెను. పరిశుద్ధుల హృదయములకు విశ్రాంతి కలిగించిన ఫిలేమోనును 7వ వచనమున మెచ్చుకొనిన పౌలు, 20వ వచనమున తన హృదయమునకును ఆ విశ్రాంతినే కోరుచున్నాడు. పరిశుద్ధులను ప్రేమించినవాడు, తన యింటి దాసుని ప్రేమింపగలడా? ఇదే ఫిలేమోను ఎదుటనున్న పరీక్ష.

3. పోల్చుట: కొలొస్సయులకు 4:9 చూడవలెను. అచ్చట ఒనేసిము నమ్మకమైన ప్రియ సహోదరుడనబడెను.

4. లోబడుట: తాను చేర్చుకొనవలసిన ఒక్కరి పేరు వ్రాసికొనవలెను. వారి గడప త్రొక్కువరకు ఈ పాఠము ముగియదు.