ఇంటిచేతి అలంకరణము

మన ఇండ్లలో సాల్‌గిరా అని పిలుచుకొను పుట్టినరోజు వేడుకకు అంగడి థర్మాకోలు అక్షరములే అలంకారమనుకొనుట అలవాటైనది. అలంకరణకు వాడు థర్మాకోలు, బుడగల ప్లాస్టిక్ పుల్లలు 2022 జులై 1 నుండి దేశమంతట నిషిద్ధములు. పులికాట్ చెంత నివసించు తడవారికి కారణము చెప్పనక్కరలేదు. గాలికెగిరిన ముక్క కాలువలో పడి సరస్సును చేరును. చిన్న పూసలుగా విడిపోవునే గాని కుళ్ళదు.

మన ఇసుక నేలలో తాటాకు దొరకును. లేత ఆకును పాయలుగా చీల్చి, పసుపు కలిపిన మరుగునీట ముంచి ఆరబెట్టి, చిలుకలు అల్లవచ్చును.

పేరు వ్రాయుటలోనే మెలకువ అవసరము. తెలుగు అక్షరములు విడివిడిగా నిలుచును. ఒక్కొక్క అట్టపై ఒక్కొక్కటి కత్తిరించి దారమునకు గ్రుచ్చవచ్చును. వత్తును మాత్రము దాని అక్షరముతోనే ఉంచవలెను. ఉర్దూలో అట్లు కుదరదు. ఆ లిపిలో అక్షరములు పక్కదానితో కలిసి రూపము మార్చుకొనును. మా అమ్మాయి పుట్టినరోజున నేనే ఈ పొరపాటు చేసితిని. మా అమ్మ చూచి, "ఇదెవరి పేరు బేటా?" అని అడిగినది! పేరంతయు ఒకే అట్టపై వ్రాసి అంచు వెంబడి కత్తిరింపవలెను. ఎడమనుండి తెలుగు, కుడినుండి ఉర్దూ సాగి గోడ నడుమ కలిసికొనును.

జిగురుకు ఒక చెంచా మైదాను అయిదు చెంచాల నీట కలిపి, చిక్కబడువరకు సన్నసెగపై కాచిన చాలును. పురుగు పట్టకుండ కొందరు మైలుతుత్తము కలుపుదురు, అది విషము. పసిపిల్లలు తాకు అలంకరణలో అది వలదు. ఒక్కనాటి వేడుకకు వట్టి మైదాయే నిలుచును.