ట్రాక్టరు షెడ్డు: లోపలి అమరిక, తలుపు ఎంపిక



ఒకప్పుడు నాగలి, గుంటక, గొర్రు పశువుల సావిడిలో ఒక మూలనే ఇమిడిపోయెడివి. నేడు ట్రాక్టరు, రోటవేటరు, కల్టివేటరు, పవరు స్ప్రేయరు రైతు ఇంటికి వచ్చినవి. లక్షల రూపాయలు పోసి కొన్న యంత్రమును ఎండకు, వానకు విడువలేక పలువురు షెడ్లు కట్టుకొనుచున్నారు. ఇది మంచిదే. కాని ముందు గోడలు లేపి, చవుకగా దొరికిన తలుపు బిగించి, ఆపైన సామానును దొరికిన చోట పడవేయుట మనకు అలవాటు. ఈ వరుసను తారుమారు చేయవలెను. లోపల ఏది ఎచ్చట ఉండవలెనో ముందు నిర్ణయించుకొనవలెను, తరువాత కొలతలు, చివరకు తలుపు. ఈ క్రమము తప్పినచో డబ్బే కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

లోపలి అమరిక

షెడ్డును మూడు భాగములుగా భావించుడు. మధ్యన యంత్రము నిలుచు చోటు. ఒక ప్రక్క గోడకు పనిముట్లు, మరమ్మతు బల్ల. వెనుక మూల ఇంజను ఆయిలు, గ్రీజు, డీజిలు. ట్రాక్టరు చుట్టూ మనిషి వంగి పని చేయుటకు మూడడుగుల దారి విడువవలెను.

పార, గునపము, కొడవలి, పానాలు గోడకు మేకులు కొట్టి తగిలించుడు. ఒక్కొక్క పనిముట్టు వెనుక గోడపై దాని ఆకారమును రంగుతో గీసినచో, సాయంత్రము ఏది తిరిగి రాలేదో చూడగానే తెలియును.

రోటవేటరును, కల్టివేటరును పని ముగియగానే బురద కడిగి, ఆరనిచ్చి, మట్టిలో తిరుగు ఇనుప భాగములకు నూనె పూయుడు. ట్రాక్టరుకు తగిలించియున్న పనిముట్టును ఎప్పుడును నేలకు దించియే ఉంచవలెను. పైకి లేపి వదలినచో, పిల్లలు మీటను కదలించిన క్షణమున అది క్రిందనున్నవారిపై పడును.

యూరియా బస్తాలను యంత్రముల ప్రక్కన పేర్చరాదు. ఎరువు గాలిలోని తేమను పీల్చును. దాని చెంతనున్న ఇనుము త్వరగా తుప్పుపట్టును.

విషమునకు వేరు గది, వేరు తాళము

ఒక గ్రామములో నేను చూచిన షెడ్డులో ఒకే పలకపై వేరుశనగ విత్తనము, పురుగుమందు డబ్బా, సగము మందు పోసిన శీతల పానీయపు సీసా ఉన్నవి. ఆ యింట నాలుగేండ్ల బిడ్డ ఆడుకొనుచుండెను. సీసా ఎందుకని అడుగగా, ప్రక్క రైతుకు బదులిచ్చుటకు పోసినామనిరి. వెంటనే దానిని తీయించితిమి. బిడ్డకు సీసా ఆకారమే తెలియును గాని లోపలిది తెలియదు.

పురుగుమందును కొన్న డబ్బాలో, చీటీ చెరగకుండ, బయటనుండి వేరు తలుపుగల చిన్న గదిలో ఉంచి తాళము వేయుడు. గది కట్టలేనివారు తాళము గల ఇనుప పెట్టెను షెడ్డులోనే పిల్లలకు అందని ఎత్తున బిగించుకొనవచ్చును. డబ్బాపై ఎరుపు త్రికోణము ఉన్నచో అది అత్యంత విషపూరితము. పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు క్రమముగా విష తీవ్రత తగ్గుటను తెలుపును. ఎవరైన పొరపాటున తాగినచో రోగితోపాటు ఆ చీటీని ఆసుపత్రికి తీసికొనిపోవలెను. విరుగుడు వివరము దానిపై ఉండును. విత్తనము, దాణా, తిండిగింజలు ఈ షెడ్డులో ఉండనే కూడదు.

కొలతలు

సాధారణముగా వాడు ట్రాక్టరు సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉండును. వెనుక రోటవేటరు తగిలించినచో పొడవు ఇంకను నాలుగైదు అడుగులు పెరుగును. దమ్ముకు వాడు ఇనుప చక్రములు బిగించినచో వెడల్పు పెరుగును. కావున చెప్పిన లెక్క నమ్మక, మీ బండినే అన్ని పరికరములతో టేపు పెట్టి కొలువుడు. వెడల్పునకు ఇరుప్రక్కల ఒకటిన్నర అడుగు చొప్పున, ఎత్తునకు ఒక అడుగు కలుపుడు. ఎత్తు కొలుచునప్పుడు పొగగొట్టమును, నీడ కప్పును మరువరాదు. నేలకు గచ్చు తరువాత వేయించువారు ఆ మందమును కూడ లెక్కించవలెను.

ఏ తలుపు?

1. రెండు రెక్కల తలుపు: ఊరి వడ్రంగియో, వెల్డింగు పనివాడో చేయగలడు; చవుక. తెరచుటకు ముందు ఖాళీ స్థలము కావలెను. వెడల్పు ఎక్కువైనచో రెక్కలు క్రుంగును గనుక మూలనుండి మూలకు ఆనుపట్టీ వేయించవలెను.

2. ప్రక్కకు జరుగు తలుపు: ముందు చోటు అక్కరలేదు, కాని తలుపంత గోడ ప్రక్కన ఖాళీగా ఉండవలెను. క్రింది కాలువలో బురద చేరినచో కదలదు. పై పట్టాకు వ్రేలాడునట్లు చేయించుట మేలు.

3. చుట్టుకొను షట్టరు: స్థలము ఆదా. పైన చుట్టకు అడుగు, అడుగున్నర ఎత్తు కావలెను. ట్రాక్టరు తగిలి పట్టీలు వంగినచో ఇరుకుకొనును.

తలుపు ఏదైనను క్రింద సందు పావు అంగుళమునకు మించరాదు. ఎలుక దూరినచో మొదట కొరుకునది విద్యుత్తు తీగలనే.

గాలివాన లెక్క

1977 నవంబరు దివిసీమ తుపానును, 2014 అక్టోబరు హుద్‌హుద్‌ను కోస్తా రైతులు మరువలేదు. భారతీయ ప్రమాణముల ప్రకారము కట్టడములకు లెక్కించు మూల గాలి వేగము హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు, విశాఖపట్టణమునకు 50 మీటర్లు. గంటకు 180 కిలోమీటర్లన్నమాట. ఆ వేగమున చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడును. పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు గల తలుపుపై పన్నెండు క్వింటాళ్లకు పైమాటే. తలుపు ఊడినచో గాలి లోపల జొరబడి కప్పును పైకి నెట్టును. కావున కోస్తావారు షట్టరు వేయించినచో, పట్టీలు ప్రక్క కాలువలనుండి జారకుండ గాలి కొక్కెములు పెట్టించవలెను. రెక్కల తలుపునకు పైన, క్రింద గడియలు నేలలోనికి, దూలములోనికి దిగవలెను.

పొగ, నిప్పు

తలుపు మూసి ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. మనిషి తెలియకనే సొమ్మసిల్లును. తలుపునకు ఎదుటి గోడన కిటికీ పెట్టించుడు. నూనె మంటపై నీరు పోయరాదు. ఇసుక బక్కెట్లు, పొడి మందుగల అగ్నిమాపకము ద్వారము ప్రక్కన ఉంచుడు.

యంత్రములను అద్దెకిచ్చు రైతు సంఘముల షెడ్లను గ్రామాధికారులు వానాకాలమునకు ముందొకసారి చూచి, మందుగది తాళమును, తలుపు గడియలను స్వయముగా లాగి పరీక్షించవలెను. సొంత షెడ్డు గల రైతు ఈ సాయంత్రమే తన పలకలను వెదకి, చీటీ లేని సీసా ఒక్కటి ఉన్నను దానిని తీసి తాళము వేయవలెను. తలుపు మరమ్మతు రేపటికి ఆగవచ్చును. ఆ సీసా ఆగరాదు.