పిల్ల వింటుండగా

సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్తే గుమ్మంలోనే మొదలవుతుంది. 'ఏమే, ఇంత నల్లబడిపోయావేంటి?' అంటుంది పెద్దమ్మ. 'అన్న ఎర్రగా ఉన్నాడు, దీనికి వాళ్ల నాన్నమ్మ రంగొచ్చింది. నలుగు పెట్టు, కాస్త తేలుతుంది' అంటుంది అత్తయ్య. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. కడుపులో ఉన్నప్పుడే కుంకుమపువ్వు పాలతో రంగు కోసం ఆరాటపడే ఇళ్లు మనవి. అన్నవాళ్లు కాఫీ తాగేలోపు ఆ మాట మరిచిపోతారు. ఎనిమిదేళ్ల పిల్ల మరిచిపోదు.

రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని 'నువ్వు నా బంగారుతల్లివి' అని బుజ్జగిస్తాం. మంచిదే, కానీ చాలదు. పిల్ల చిన్నబోయింది నలుగురిలో. అమ్మ తన పక్షాన మాట్లాడటం కూడా ఆ నలుగురిలోనే వినాలి. పెద్దవాళ్లతో గొడవ అక్కర్లేదు. 'అవును వదినా, అచ్చం మా అత్తగారి రంగే. మాకు భలే ఇష్టం' అని నవ్వుతూ అని, వంట సంగతి ఎత్తండి. ఈ ఒక్క మాట పిల్ల చెవిన పడటం అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం.

ఏదో ఒకరోజు పిల్లే అడుగుతుంది, 'అమ్మా, నేను నల్లగా ఉంటానా?' అని. 'ఛ, ఎవరన్నారు, చామనచాయే' అని కొట్టిపారేయకండి. తను రోజూ అద్దం చూసుకుంటూనే ఉంది. 'నల్లగా ఉన్నా కళగా ఉంటావు' అని ఓదార్చినా గుచ్చుకుంటుంది, నలుపు లోపమని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. 'అవును, నల్లగా ఉంటావు, ముద్దుగా ఉంటావు' అనండి. ఆపైన కారణం చెప్పండి. చర్మానికి రంగునిచ్చే కణాలు ఏ రంగువాళ్లకైనా దాదాపు అన్నే ఉంటాయి. అవి తయారుచేసే మెలనిన్‌లోనే తేడా. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి చర్మాన్ని కాచేది ఆ మెలనినే. పాఠంలా కాకుండా కబుర్లలో చెబితే పిల్లలు ఎంతో ఆసక్తిగా వింటారు.

క్రీముల దగ్గర మాత్రం నాకు నిజంగా భయం. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ ఒంటిరంగును బట్టి సంబంధాలు వెతికే వీలును తీసేసింది. ఇళ్లలో మాటలు అంత త్వరగా మారలేదు. 'తెల్లబడటానికి ఏదైనా ఇవ్వండి' అని మందులషాపులో అడిగి, ఎవరో చెప్పిన ట్యూబు తెచ్చి పిల్లల ముఖానికి రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. ట్యూబు మీద బెటామెథసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లుంటే అవి స్టెరాయిడ్లు. డాక్టరు చీటీ మీదే వాడాల్సినవి. మొదట్లో ముఖం తేటగా కనబడుతుంది. పోనుపోను చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంట. పిల్లల చర్మం లేత, మందు ఇట్టే లోపలికి ఇంకుతుంది. ఏ వివరమూ అచ్చువేయని డబ్బాల్లో పాదరసం ఉండొచ్చు, అది కిడ్నీలకు చేటు. ఇంట్లో ఇలాంటివి ఉంటే ఇవాళే తీసేయండి. పిల్ల ఇప్పటికే కొన్నాళ్లుగా స్టెరాయిడ్ ట్యూబు రాస్తుంటే చర్మవైద్యుల్ని అడిగి ఆపండి.

మన నోటిమాటా చూసుకోవాలి. 'ఈ ఫొటోలో ఎంత లావుగా పడ్డానో, తీసెయ్' అని మనం విసుక్కుంటుంటే, ఒంటిని ఎలా చూడాలో పిల్ల మన దగ్గరే నేర్చుకుంటోంది. ఫోన్ కెమెరాలో ముఖాన్ని తెల్లగా, నున్నగా చూపించే బ్యూటీ మోడ్ ఆపేయండి. మగపిల్లల్ని 'కర్రోడు', 'బండోడు' అని పిలవడం ముద్దు కాదు. వాళ్లు నవ్వేస్తారు కాబట్టి బాధ లేదనుకుంటాం, అంతే.

బడి వార్షికోత్సవంలో తెల్లగా ఉన్న పిల్లల్నే ముందు వరుసలో నిలబెడుతున్నారనిపిస్తే టీచరమ్మతో మర్యాదగా, సూటిగా మాట్లాడండి. పిల్ల పదేపదే సబ్బుతో ముఖం రుద్దుకుంటున్నా, ఫొటో అంటే దాక్కుంటున్నా, తిండి తగ్గించినా, బడికి పోనంటున్నా పోరు పెట్టకుండా పక్కన కూర్చుని అడగండి. అప్పటికీ తేరుకోకపోతే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు ఉండదు.