సలహాదారుల్లో మొదటి కుర్చీ ఎవరికి?

ప్రశ్న: మచిలీపట్నం, గుడివాడ బడిపిల్లలకు పర్యావరణ పాఠాలు చెప్పే చిన్న సొసైటీ మాది. రిటైరైన లెక్చరర్లు ఉచితంగా సలహాలిస్తామంటున్నారు. కమిటీలోకి తీసుకోవాలా?

జవాబు: వద్దండి. 2001 సొసైటీల చట్టం కింద లెక్కల బాధ్యత కార్యవర్గానిదే. సలహాదారులను విడిగా, రెండేళ్ల గడువుతో, ఎవరి పని ఏమిటో రాసి పెట్టుకోండి. నన్నడిగితే మొదటి కుర్చీ నాగాయలంక వైపు మడ అడవి తెలిసిన మత్స్యకారుడికి వేయండి. ఏ కాలువ పూడితే ఏ మొక్క ఎండుతుందో ఆయనకు తెలుసు. కృష్ణా ముఖద్వారంలో మడను తిరిగి పెంచింది కూడా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీరు పారించే. తెల్లమడ ఆకు అడుగున పేరిన ఉప్పును పిల్లల చేత నాలుకతో తాకించేదీ, తిల్ల చెట్టు పాలు కంట్లో పడనివ్వొద్దని చెప్పేదీ ఆయనే. 1977 ఉప్పెన చూసిన పెద్దలను ఈ ఏడాదే పిలవండి. వేట మానుకుని వచ్చిన రోజుకు డబ్బు మాత్రం తప్పక ఇవ్వండి.